రక్తమును చూచి యీయవలసిన మందు

సికింద్రాబాదున బేగంపేటయందు, పాత విమానాశ్రయమునకు చేరువను, ఒక చిన్న బంగళా కలదు. నేడది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన పరాన్నజీవ శాస్త్ర సంస్థగా సర్ రొనాల్డ్ రాస్ పేరు ధరించి యున్నది. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, ఇచ్చట సైనిక వైద్యుడుగా నుండిన రాస్, నాలుగు దినములకు పూర్వము హుసేన్ ఖాన్ అను జ్వరపీడితుని రక్తమును త్రాగిన మచ్చలరెక్కల దోమ నొకదానిని చీల్చి, దాని జఠరపు గోడయందు నల్లని రేణువులతో గూడిన గుండ్రని కణములను సూక్ష్మదర్శినిలో చూచెను. చెమటకు త్రుప్పుపట్టిన మరలతో, పగిలిన కంటి అద్దముతో నుండిన ఆ పరికరము క్రింద, దోమలు చెదరిపోవునను భయమున పంకా నైనను వీవనీయక, దినమంతయు వంగి కూర్చుండి చూచిన చూపు వలన మలేరియా దోమచే వ్యాపించు ననుటకు తొలి ప్రత్యక్ష ప్రమాణము లభించెను. మరుసటి యేట కలకత్తాలో పక్షుల మలేరియాపై గావించిన పరిశోధనతో రాస్ ఆ సిద్ధాంతమును సంపూర్ణముగా నిరూపించెను. 1902లో నోబెల్ బహుమానమును పొందెను.

ఈ వృత్తాంతము మన బాలుర పాఠ్యపుస్తకములలో నున్నదే. అయినను దోమను గూర్చి లోకమునకు పాఠము చెప్పిన యీ జంటనగరములలో, ఆ దోమకాటు వలన వచ్చిన జ్వరమునకు మ్రింగు మందును గూర్చి జనసామాన్యమునకు తెలిసినది స్వల్పము. చలియు వణకును పుట్టిన వెంటనే వీథి మొగనున్న మందుల దుకాణమునకు పోయి ‘మలేరియా గోళీలు’ అని యడిగి తెచ్చుకొనువారును, ఒళ్లు చల్లబడగానే మిగిలిన గోళీలను గూటిలో పడవేసి మరుసటి జ్వరమునకై దాచుకొనువారును నేటికిని కలరు. మలేరియాకు మందు దొరకకపోవుట మన కాలపు చిక్కు కాదు. రక్తమును చూడకయే మందు నిచ్చుట యొక వైపునను, ఒక మందు కొందరికి కీడు చేయునను భయమున దానిని ఎల్లరకును మానివేయుట మరియొక వైపునను నిలిచి, ఈ రెంటి నడుమ రోగిని మరల మరల జ్వరమునకు గురిచేయుచున్నవి. ఈ రెండు దోషములకును విరుగుడు రక్తపరీక్షయే యని నా దృఢ విశ్వాసము. దాని నిచ్చట సాకల్యముగ విచారింప నెంచితిని.

మన ప్రాచీన వైద్యులు ఈ జ్వరమును విషమజ్వర మని పేర్కొని, వచ్చు కాలమును బట్టి అన్యేద్యుష్కము, తృతీయకము, చాతుర్థకము అని విభజించిరి. కంటితో చూడజాలని కారణమును కాలగతిని బట్టి గుర్తించిన వారి పరిశీలన ప్రశంసనీయము. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియా దేశమున రోగి రక్తములో ఆ పరాన్నజీవిని ప్రత్యక్షముగ చూచిన పిదప, జ్వరభేదములకు క్రిమిభేదములే మూలమని క్రమముగ తేటపడెను. మన రాష్ట్రములలో ముఖ్యముగా కనబడునవి రెండు: వైవాక్స్, ఫాల్సిపారం. వీనిలో రెండవది మెదడునకును మూత్రపిండములకును వ్యాపించి, కొద్ది దినములలో ప్రాణము తీయగలది. మొదటిది అంత ఉగ్రము కాకపోయినను కాలేయమున దాగి యుండి, వారములకో నెలలకో తిరిగి లేచునది. ఒకదానికి చాలిన మందు రెండవదానికి చాలదు; ఒకదానికి అక్కరలేని మందు రెండవదానికి తప్పనిసరి. కావున జ్వరము ‘మలేరియావలె’ నున్న దని కాక, గాజుపలకపై రక్తపు చుక్క నుంచి సూక్ష్మదర్శినిలో చూచియో, పదునైదు ఇరువది నిమిషములలో గీతల రూపమున ఫలితము చూపు పరీక్షాపట్టీతోనో, క్రిమి యెట్టిదో తేల్చుకొనిన తరువాతనే మందు మొదలిడవలెను. ఒకప్పుడు జ్వరమన్న ప్రతివానికిని ఊహమాత్రమున క్లోరోక్విన్ మ్రింగించు పద్ధతి మన ప్రభుత్వ కార్యక్రమములోనే యుండెను. దానిని తొలగించుట యెంతయు మేలైన పని. పట్టీపరీక్షను గూర్చి యొక హెచ్చరిక: ఫాల్సిపారం జాడను పట్టు పట్టీ, క్రిమి నశించిన పిమ్మటను కొన్ని వారముల వరకు గీతను చూపుచునే యుండవచ్చును. అట్టి గీతను చూచి మందు పని చేయలేదని భ్రమించి, రెండవ మారు మందు మ్రింగుట తగదు.

ఔషధముల చరిత్రను సంగ్రహముగ చూతము. దక్షిణ అమెరికా ఖండపు సింకోనా చెట్టు బెరడు నుండి 1820లో పెల్తియే, కవాంతూ అను నిరువురు ఫ్రెంచి రసాయనికులు క్వినైను సత్త్వమును వేరుపరచిరి. మన పెద్దలు కొయినా యని పిలిచిన దిదియే. 1860 ప్రాంతమున నీలగిరులలో సింకోనా తోటలు వేయబడెను. 1892 నుండి వంగదేశమున తపాలా కార్యాలయములలో క్వినైను పొట్లములు పైస కొకటి చొప్పున విక్రయింపబడెను. చౌకగా, వైద్యుని ప్రసక్తి లేకయే, తపాలా బిళ్ళలతో పాటు మందు నమ్మిన ఆ యేర్పాటు నాటికి పుణ్యకార్యమే; కాని దాని వలన ‘జ్వరమునకు మందు నేనే కొనుక్కొందును’ అను అలవాటు ప్రజలలో వేరూనినది. క్వినైను చెవులలో హోరు పుట్టించును, తల త్రిప్పించును, గుండె నడకను మార్చగలదు. రక్తములోని చక్కెరను, విశేషించి గర్భిణులలో, హఠాత్తుగా పడవేయగలదు. మధ్య మధ్య మానుచు చాలీచాలక మ్రింగినవారిలో కొందరికి ఎర్ర రక్తకణములు విచ్ఛిన్నమై మూత్రము నల్లగా మారు భయంకర వ్యాధి సంభవించుట ఆనాటి వైద్యులెల్లరు నెరిగినదే. ఇప్పటికిని క్వినైను వాడుక సమసిపోలేదు. గర్భిణులకు తొలి మూడు నెలలలో ఫాల్సిపారం సోకినప్పుడు మన దేశపు వైద్యులు దానిని వాడుచు వచ్చిరి. 2022 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దశలో సైతము ఆర్టిమెథర్, ల్యూమెఫాంట్రిన్ల జోడింపును మేలైనదిగా చెప్పుచున్నది. గర్భిణి విషయమున నిర్ణయము వైద్యునిదే కావలెను. ఇరుగుపొరుగు వారి అనుభవము ఇచ్చట ప్రమాణము కాదు.

ప్రసక్తానుప్రసక్తముగ నొక విషయము. మందు వలన కలుగు అపాయమును గూర్చి శాస్త్రీయముగ విచారించు సంప్రదాయము ఈ నగరమునకు క్రొత్త కాదు. 1888లోను, 1889లోను నిజాం ప్రభుత్వపు ద్రవ్యముతో, రెసిడెన్సీ వైద్యుడగు ఎడ్వర్డ్ లారీ ప్రోత్సాహమున, క్లోరోఫాం మత్తుమందు ప్రాణము నెట్లు తీయునో తెలిసికొనుటకు రెండు సంఘములు హైదరాబాదున పరిశోధించెను. శ్వాసను కనిపెట్టి యుండిన చాలును, గుండెకు ప్రమాదము లేదని వారు తీర్పు చెప్పిరి. ఆ తీర్పు తప్పని, క్లోరోఫాం నేరుగా గుండెను ఆపగలదని తరువాతి పరిశోధకులు నిరూపించిరి. వందలకొలది జంతువులపై శ్రద్ధతో చేసిన పరీక్షలు కూడ, అపాయము అరుదుగా కొందరికే సంభవించునప్పుడు, ఎల్లరకును క్షేమమను భ్రాంతిని కలిగింపగల వనుటకు ఇంతకంటె స్పష్టమగు దృష్టాంతము మన యింట మరియొకటి లేదు. మలేరియా మందులలో నొకదానికి ఈ పాఠము అక్షరాల వర్తించును. దానిని చేరుటకు ముందు మిగిలిన రెంటిని ముగింతము.

1934లో జర్మనీ దేశమున హాన్స్ ఆండర్‌సాగ్ అను రసాయనికుడు సృజించిన క్లోరోక్విన్ నేటికిని వైవాక్స్ జ్వరమునకు మన దేశమున ప్రథమౌషధము. మూడు దినములు ఇచ్చు ఈ మందు మొత్తము ప్రమాణము శరీరపు బరువులో కిలో కొక్కింటికి 25 మిల్లీగ్రాములు: మొదటి రెండు దినములు పదేసి, మూడవ దినమున ఐదు. ఇచ్చట చదువరులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. మాత్రపై 250 మిల్లీగ్రాములని వ్రాసియున్నది ఫాస్ఫేటు లవణపు బరువు. అందు అసలు మందు 150 మాత్రమే. వైద్యుని లెక్క అసలు మందును బట్టి యుండును. అట్టపై అంకెను చూచి సొంతముగ లెక్క కట్టుకొనువారు తక్కువయో ఎక్కువయో తీసికొనుట ఇందువలననే. ఈ పొరపాటు స్వల్పము కాదు. క్లోరోక్విన్‌లో మేలు చేయు మోతాదునకును ప్రాణము తీయు మోతాదునకును నడుమ నున్న ఎడము మిక్కిలి సన్నము, పసిబిడ్డ విషయమున కొద్ది మాత్రలే మృత్యువు కాగలవు. మందుడబ్బాను బిడ్డల చేతి కందని యెత్తున, తాళము వేసి యుంచవలెనని వైద్యులు చెప్పుట ఆచారము కొరకు కాదు. పరగడుపున మ్రింగిన కడుపులో త్రిప్పును గనుక ఆహారానంతరము తీసికొనవలెను. అరగంటలోపల వాంతి యైనచో ఆ సంగతి ఆరోగ్య కార్యకర్తకు చెప్పి ఆ మోతాదును తిరిగి పుచ్చుకొనవలెను. 2020లో కరోనా మహమ్మారి వేళ, దీని సోదరమగు హైడ్రాక్సీ క్లోరోక్విన్ సర్వరోగ నివారిణి యని పేరు పడగా, ఆరోగ్యవంతులు సైతము దుకాణములపై ఎగబడిరి. కీళ్లవాతముతోను లూపస్‌తోను బాధపడుచు దానినే నిత్యము వాడు రోగులు దొరకక అవస్థ పడిరి. ఆ యేడు మార్చి నెలలోనే భారత ప్రభుత్వము దానిని వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదను హెచ్1 పట్టికలో చేర్చెను. జూను నాటికి పెద్ద పరిశోధనలు కరోనాకు దాని వలన ప్రయోజనము లేదని తేల్చివేసెను.

ఫాల్సిపారం మాత్రము క్లోరోక్విన్‌కు లొంగుట మానివేసినది. 1950 దశకపు చివర థాయిలాండు, కంబోడియా సరిహద్దులలో మొదలైన ఈ మొండితనము 1973లో అస్సాములోని కర్బీ ఆంగ్లాంగ్ ప్రాంతమున మన దేశమున బయటపడి, క్రమముగ తూర్పు కనుమల మన్యమునకు వ్యాపించెను. చైనా దేశపు ప్రాచీన వైద్యగ్రంథమున చెప్పబడిన యొక మాచిపత్రి జాతి మొక్క నుండి టూ యూయూ అను విదుషీమణి 1970 దశకమున వెలికి తీసిన ఆర్టిమిసినిన్, దాని సంతతియగు ఆర్టిసునేట్ మనకు దక్కకున్న యెడల, పాడేరు, చింతపల్లి, భద్రాచలము, ఏటూరునాగారము వంటి ప్రదేశములలో మరణము లింకను ఎన్నింతలై యుండునో! ఈ ఆవిష్కరణకు 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది. ఆర్టిసునేట్ మిక్కిలి వేగముగ క్రిమిని సంహరించును, కాని శరీరమున ఎక్కువ సేపు నిలువదు. అందుచేత ఒంటరిగా వాడినచో కొన్ని క్రిములు మిగిలి, మందునకు అలవాటు పడును. కావుననే మన దేశమున ఒంటరి ఆర్టిసునేట్ మాత్రలు నిషేధింపబడి, సల్ఫడాక్సిన్, పైరిమెథమిన్‌లతో జోడించి మూడు దినముల పొట్లముగ ఇచ్చుచున్నారు; ఈశాన్య రాష్ట్రములలో ఆర్టిమెథర్, ల్యూమెఫాంట్రిన్‌ల జోడింపు వాడుకలో నున్నది. పొట్లముల రంగులు వయసును బట్టి మారును: పదునైదేండ్లు దాటిన వారికి తెలుపు, తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల వారికి ఎరుపు, ఐదు మొదలు ఎనిమిదికి ఆకుపచ్చ, ఒకటి మొదలు నాలుగుకు పసుపు, ఏడాదిలోపు శిశువులకు గులాబి. చదువురాని తల్లియు, తొందరలో నున్న ఆశా కార్యకర్తయు పొరపడకుండ కల్పించిన యీ యేర్పాటు నిజముగ కొనియాడదగినది. సల్ఫా మందు పడనివారు ఆ సంగతిని ముందుగనే చెప్పవలెను. చర్మము పొక్కులెక్కి ఊడివచ్చు తీవ్రవికారము అరుదైనను ప్రాణాంతకము. ల్యూమెఫాంట్రిన్ క్రొవ్వుతో గూడిన ఆహారముతోనే చక్కగ రక్తమున కలియును గావున దానిని పాలతోనో, భోజనము తరువాతనో తీసికొనవలెను.

స్పృహ తప్పుట, ఫిట్లు వచ్చుట, ఆగని వాంతులు, ఊపిరి యాడకపోవుట, కండ్లు పచ్చబడుట, మూత్రము ఆగిపోవుట: వీనిలో నేది కనబడినను మాత్రల ప్రసక్తి ముగిసినట్లే, ఆసుపత్రికి చేర్చి సూదిమందుగా ఆర్టిసునేట్ ఇప్పింపవలసినదే. 2005లో ప్రకటింపబడిన, మన దేశపు రోగులును పాల్గొనిన ఆసియా పరిశోధనలో, క్వినైను పొందిన వారిలో నూటికి 22 మంది మరణింపగా ఆర్టిసునేట్ పొందిన వారిలో 15 మందియే మరణించిరి. ఇట్లు కోలుకొనిన వారికి సైతము, ఒకటి మొదలు నాలుగు వారముల లోపల, ఆలస్యముగ రక్తహీనత కలుగవచ్చును గనుక ఇంటికి పంపిన తరువాతను రక్తమును పరీక్షించుచుండవలెను.

ఇక ప్రైమాక్విన్. ఈ వ్యాసమునకు ప్రాణము ఇదియే. వైవాక్స్ క్రిమి దోమకాటుతో శరీరమున ప్రవేశించి, మొదట కాలేయమున చేరును. అందు కొన్ని వెంటనే వృద్ధి పొంది రక్తములోనికి వచ్చి జ్వరమును కలిగించును. మిగిలినవి నిద్రాణములై, వారములో నెలలో గడచిన పిదప మేల్కొని, క్రొత్తగా దోమ కుట్టకయే జ్వరమును తిరిగి పుట్టించును. క్లోరోక్విన్ రక్తములోని క్రిములను మాత్రమే చంపగలదు. కాలేయమున నిద్రించువానిని ముట్టజాలదు. ‘మందు మ్రింగితిని, తగ్గెను, మరల వచ్చెను’ అని రోగి మందును నిందించుటకు కారణ మిదియే. కాలేయమున దాగిన వానిని సంహరించు శక్తి 8-అమినోక్వినోలిన్ అను కుటుంబమునకే కలదు. 1920 దశకపు ప్లాస్మోక్విన్ దానికి పూర్వజము. 1946లో రూపొంది, కొరియా యుద్ధమునుండి తిరిగి వచ్చిన అమెరికా సైనికులకు విరివిగా ఇయ్యబడి, 1952లో అనుమతి పొందిన ప్రైమాక్విన్ దాని వారసుడు. 

ఈ మందు గుణదోషములు తెలిసిన విధము చెప్పుటకు మనసు కుంచించుకొనిపోవును. రెండవ ప్రపంచ సంగ్రామ కాలము మొదలు అమెరికా దేశమున ఇల్లినాయ్ రాష్ట్రపు స్టేట్‌విల్ కారాగృహమున, ఖైదీలకు దోమలచే మలేరియా నెక్కించి మందులను పరీక్షించిరి. ఖైదీ అంగీకరించె నన్నను, సంకెలలో నున్నవాని అంగీకారము ఎంత స్వేచ్ఛయో చెప్పనక్కరలేదు. ఆ పరీక్షలలో నల్లజాతివారిలో నూటికి సుమారు పదిమందికి ఈ జాతి మందు వలన ఎర్ర రక్తకణములు చిట్లుచుండుట కనబడెను. 1956లో అందుకు కారణము ఆ కణములలో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్, క్లుప్తముగ జి6పిడి, అను ఎంజైము కొరవడుటయే యని తేలెను. ఎర్రకణము తన్ను ప్రాణవాయు సంబంధమైన దహనమునుండి రక్షించుకొనుటకు ఈ ఎంజైమే కవచము. ఇది చాలినంత లేని కణములు ప్రైమాక్విన్ పుట్టించు తాకిడికి తాళలేక చిట్లిపోవును. కొన్ని కుటుంబములలో కలరా ఉండల వాసన తగిలిన శిశువునకు కామెర్లు వచ్చుటకును ఈ లోపమే కారణము.

ఈ లోపము ఎక్స్ అను లింగసూత్రము ద్వారా సంక్రమించును గనుక పురుషులలో స్పష్టముగను, స్త్రీలలో పాలు హెచ్చుతగ్గులతోను కనబడును. అన్ని లోపములును సమానములు కావు. ఆఫ్రికా వంశీయులలో కనబడు రూపమున ముదిరిన కణములు మాత్రమే చిట్లి, లేత కణములు నిలిచి, రక్తక్షయము తనంతట ఆగిపోవును. మధ్యధరా రూపమున లేత కణములకును రక్షణ లేదు. మన దేశమున మధ్యధరా రూపముతో పాటు కేరళ-కల్యాణ్, ఒరిస్సా అను రూపములును గుర్తింపబడెను. వీనిలో ఒరిస్సా రూపము గిరిజనులలో హెచ్చు. మలేరియా తరతరములుగ నెలకొనిన చోటనే ఈ లోపమును ప్రబలి యుండుట యాదృచ్ఛికము కాదు. లోపము గల రక్తకణమున క్రిమి సుఖముగ వృద్ధి పొందజాలదు. ఇట్లు ప్రకృతి ఇచ్చిన రక్షణయే, మనము ఇచ్చు మందు నెదుట ఆపదయై నిలిచినది. ప్రైమాక్విన్ మిక్కిలి అవసరమైన మన్యమునందే అది మిక్కిలి ప్రమాదకరము కావచ్చునన్న మాట.

ఈ చిక్కునకు మన దేశము చేసిన తొలి పరిష్కారము మధ్యేమార్గము. దశాబ్దముల పాటు ప్రైమాక్విన్‌ను ఐదు దినములు మాత్రమే ఇచ్చుచుండిరి. మోతాదు తక్కువ గనుక అపాయమును తక్కువ యని భావించిరి. కాని పరీక్షించి చూడగా ఐదు దినముల మందు నిద్రాణ క్రిములను చంపుటలో మందే ఇయ్యకుండుటకంటె మేలు కాదని తేలెను. అట్లు లక్షలాది రోగులు మందు మ్రింగియు ఫలము పొందక, మరల జ్వరపడి, కడుపులో బల్ల పెరిగి, రక్తహీనులైరి. నా యెరుకలో ఔషధ క్షేమమను పేర జరిగిన పొరపాట్లలో ఇది పెద్దది. అపాయమును తగ్గింపబోయి ప్రయోజనమునే తుడిచివేసితిమి. నేటి జాతీయ విధానము ప్రకారము కిలోకు పావు మిల్లీగ్రాము చొప్పున, పెద్దలకు దినమునకు 15 మిల్లీగ్రాములు, 14 దినములు ఇయ్యవలెను. ఫాల్సిపారమునకు ఇది వేరు పని చేయును: రోగినుండి దోమకు పాకు క్రిమి రూపమును నశింపజేయుటకై ఒక్క మోతాదు మాత్రము, చికిత్స రెండవ దినమున, కిలోకు ముప్పాతిక మిల్లీగ్రాము ఇత్తురు. ఎంజైము పరీక్ష చేయకయే ఇచ్చుటకు క్షేమకరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఈ ఒక్క మోతాదునే కిలోకు పావు మిల్లీగ్రామునకు తగ్గించి చెప్పినది.

పదునాలుగు దినములు! జ్వరము మూడవ నాడే పోయినది, కూలిపని పిలుచుచున్నది, మాత్ర మ్రింగిన కడుపులో నొప్పి. నాలుగైదు దినముల పిదప ఎవరు మ్రింగుదురు? రోగిని అజ్ఞానియని నిందించుట సులభము, కాని కారణమును ఎవరైనను అతనికి విప్పి చెప్పిరా యని మొదట అడుగవలెను. ‘నీ రక్తములోని క్రిమి చచ్చినది, కాలేయములోనిది నిద్రించుచున్నది, ఈ మాత్రలు దాని కొరకు’ అన్న ముక్క పెద్ద చదువు లేనివానికిని అర్థమగును. భోజనము చేసిన వెంటనే మ్రింగినచో కడుపునొప్పి చాల వరకు తగ్గును. మోతాదు నడుమ తెగకుండుటకు ఆశా కార్యకర్త ఎదుట మ్రింగించుట మంచి పద్ధతి. వలస కూలివాని విషయమున అది సాధ్యము కాదు గనుక మొత్తము మందును, వ్రాతపూర్వకమైన సూచనతో సహా, చేతికీయవలెను.

ఎవరికి దినదిన మోతాదుగా ప్రైమాక్విన్ ఇయ్యరాదో మన జాతీయ విధానము చెప్పుచున్నది: ఏడాది లోపలి శిశువులకు, గర్భిణులకు, జి6పిడి లోపమున్న వారికి. గర్భిణికి నిషేధించుట తల్లి రక్తమును చూచి కాదు. గర్భములోని బిడ్డకు లోపమున్నదో లేదో తెలియదు గనుక. ఆమెకు క్లోరోక్విన్‌తో జ్వరమును తగ్గించి, ప్రసవము వరకు మరల రాకుండ కనిపెట్టి, తరువాత ప్రైమాక్విన్ ఇత్తురు. పాలిచ్చు తల్లికి ఇచ్చు ముందు శిశువు రక్తమును పరీక్షింపవలెను. తక్కిన వారిలో మందు మొదలిడిన తొలి వారమే కీలకము. రెండవ మూడవ దినములనుండి మూత్రము చిక్కని టీ డికాక్షను రంగునకు తిరుగుట, కండ్లు పచ్చబడుట, నడచినంతలో ఆయాసము, గుండెదడ, పెదవులు నీలి రంగు తిరుగుట: వీనిలో నేది కనబడినను ఆ క్షణముననే మాత్ర మాని, ఆసుపత్రికి పోవలెను. ఈ వాక్యమును ప్రతి పొట్లముపై తెలుగులో, మన్యమున గిరిజన భాషలలో, అచ్చొత్తించుట వ్యయమైన పని కాదు. లోపము తేలిక రకమైన వారికి వారమున కొక మోతాదు చొప్పున ఎనిమిది వారములు, వైద్యుని కనుసన్నల, ఇచ్చు మార్గమును కలదు. పూర్తిగా మందు మానుకొనుటకంటె ఇది మేలు.

జి6పిడి పరీక్ష విషయమున ఉన్న సమస్యలను మరుగుపరచుట తగదు. బహుకాలముగ వాడుకలో నున్న వెలుగుచుక్క పరీక్షకు ప్రయోగశాలయు, అతినీలలోహిత దీపమును, చల్లని నిల్వయు కావలెను; మన్యపు ఉపకేంద్రమున ఇవి దుర్లభములు. పైగా అది లోపము తీవ్రముగ నున్న వారినే పట్టును. నడిమి స్థాయి గల స్త్రీలు దాని వలన సహజస్థితి గలవారుగా తేలుదురు. రక్తకణములు చిట్లుచున్న వేళ పరీక్షించినచో, ఎంజైము హెచ్చుగా నుండు లేత కణములే మిగులుటచే ఫలితము మోసము చేయును. ఎంజైము పాలును అంకెలలో చూపు చేతిపెట్టె వంటి పరికరములు ఇప్పుడు వచ్చినవి. అవసరము కూడ పెరిగినది. 2018లో అమెరికాలో అనుమతి పొందిన టఫెనోక్విన్ ఒక్కసారి మ్రింగిన చాలు నన్నది వరమే, కాని వారముల తరబడి శరీరమున నిలుచు ఆ మందును వెనుకకు తీయుట అసాధ్యము, కావున ఎంజైము సహజ స్థాయిలో నూటికి 70 వంతులైన నున్నట్లు ముందుగా తేల్చకుండ ఇయ్యరాదు. చాలనన్ని పరికరములు లేకయే టఫెనోక్విన్‌ను ప్రవేశపెట్టుట నాకు సమ్మతము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించిన మరియొక మార్గము, దినపు మోతాదును రెట్టించి ప్రైమాక్విన్‌ను ఏడు దినములకు కుదించుట. దానికిని పరీక్ష మునుముందే కావలెను.

ఇట్టి సూక్ష్మముల నడుమ సికింద్రాబాదు వంటి నగరమున ఏమి జరుగవలెనో చెప్పుట సులభము. స్వాతంత్ర్యము వచ్చిననాడు ఏటేట ఏడున్నర కోట్ల మందికి సోకిన దని అంచనా వేయబడిన ఈ జ్వరము, 1953లో మొదలైన జాతీయ కార్యక్రమము వలన 1965 నాటికి లక్ష కేసుల ప్రాంతమునకు దిగి, అలసత్వము వలన 1976లో 64 లక్షలకు తిరిగి ఎగబ్రాకెను. నేడు మరల దిగినది. 2030 నాటికి నిర్మూలింప నెంచినాము. కేసులు తగ్గుకొలది వైద్యులు దానిని మరచుట సహజము. జ్వరమన్న డెంగీయో, టైఫాయిడో యని తలచి, మలేరియా పరీక్షను వ్రాయుట మానివేయు దశకు నగరము చేరుచున్నది. కాని సికింద్రాబాదు స్టేషనున దినదినము దిగు కూలివారిలో బస్తరునుండి, ఒడిశా మన్యమునుండి, అల్లూరి సీతారామరాజు జిల్లానుండి వచ్చువారు కలరు. వారి కాలేయమున వైవాక్స్ నిద్రించుచుండవచ్చును. జ్వరపీడితుని ‘గత యేడాదిలో ఎచ్చట నుంటివి?’ అని ఒక్క ప్రశ్న అడిగిన వైద్యుడు సగము రోగనిర్ణయము చేసినట్లే. రాస్ పేరుతోనే యున్న నల్లకుంట జ్వరాసుపత్రి, జనులు కోరంటి దవాఖాన యని పిలుచునది, ఇట్టి రోగులను దీర్ఘకాలముగ చూచుచున్నది; గాంధీ ఆసుపత్రియు అట్టిదే. ఈ పెద్ద దవాఖానలలోనే కాక బస్తీ దవాఖానలలోను రక్తపు పలక పరీక్షయు, వైవాక్స్ తేలినవారికి జి6పిడి పరీక్షయు ఉచితముగ జరుగునట్లు చూడవలెను. మందుల దుకాణదారుడు చీటీ లేకుండ ప్రైమాక్విన్ గాని, ఒంటరి క్లోరోక్విన్ గాని చేతికీయరాదు. అట్లు నిరాకరించినప్పుడు రోగిని ‘పొమ్మను’టతో సరిపుచ్చక, దగ్గరి బస్తీ దవాఖానకు దారి చూపవలెను.

జి6పిడి స్థితి జన్మతో వచ్చునది. ఆయుష్కాలమున మారునది కాదు. కావున ఒక్కసారి నమ్మకముగ చేసిన పరీక్ష జీవితాంతము చెల్లును. మన్యపు మండలములలో పుట్టిన ప్రతి బిడ్డకును ఈ పరీక్ష చేసి, ఫలితమును తల్లి చేతనుండు టీకాల కార్డుపై తేదీతో సహా వ్రాసి, బిడ్డ పెరిగి పనికై పట్టణమునకు పోవునాడు ఆ కార్డు వెంట నుండునట్లు చేయుట, నేడున్న ఆరోగ్య సిబ్బందితోనే సాధ్యమగు పని. అట్టి కార్డు చూపిన కూలివానికి సికింద్రాబాదులోని ఏ వైద్యుడైనను ఆ పూటనే, సందేహింపక, తగిన మందును మొదలిడగలడు.